మాత్రతో వంకర తీరుతుందా? – పెయ్రోనీ వ్యాధి మందుల చరిత్ర



వైద్యశాస్త్ర చరిత్ర అనగానే మనకు మశూచి టీకా, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ గుర్తుకొస్తాయి. పాఠ్యపుస్తకాల్లో విజయాలకే చోటు దొరుకుతుంది. పనిచేయని మందులకు కూడా ఒక చరిత్ర ఉంది. ఒక మందు పనిచేయదని తెలుసుకోవడానికి ఒక్కోసారి ముప్పై, నలభై ఏళ్లు పడుతుంది. అంత కాలం ఎందుకు పడుతుందో చూడటానికి ఈ ఉపన్యాసంలో పెయ్రోనీ వ్యాధిని తీసుకుందాం. ఇది మగవారికి, ఎక్కువగా 50 ఏళ్ల ప్రాంతంలో, పురుషాంగానికి వచ్చే వ్యాధి. అంగం లోపల ఒకచోట గట్టి కణుపులాంటిది ఏర్పడుతుంది. స్తంభించినప్పుడు అంగం ఆ వైపుకు వంగిపోతుంది. తరగతిలో ఈ మాట చెబితే కొందరు నవ్వుతారు, కొందరు తలవంచుకుంటారు. ఆ నవ్వుకూ ఆ సిగ్గుకూ ఈ చరిత్రలో పెద్ద పాత్రే ఉంది. అందుకే సంకోచం లేకుండా మాట్లాడుకుందాం.

ముందుగా వంకర ఎలా వస్తుందో చూద్దాం. పురుషాంగంలో స్పంజిలాంటి కణజాలంతో చేసిన రెండు స్తంభాలు పక్కపక్కనే ఉంటాయి. వాటిని ట్యూనికా ఆల్బుజీనియా అనే గట్టి తెల్లటి తొడుగు కప్పి ఉంచుతుంది. ఈ తొడుగులో బలాన్నిచ్చే కొల్లాజెన్ తంతువులు, సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ తంతువులు ఉంటాయి. స్తంభాల్లోకి రక్తం నిండినప్పుడు తొడుగు అన్ని వైపులా సమంగా సాగాలి. ఎక్కడైనా గాయం మానిన మచ్చ గట్టిపడి ఉంటే అక్కడ సాగదు. ఒక సైకిల్ ట్యూబుకు ఒక పక్క ప్యాచ్ అతికించి బాగా గాలి కొట్టి చూడండి. ప్యాచ్ ఉన్నచోట రబ్బరు సాగదు, మిగతా భాగం సాగుతుంది, ట్యూబు ప్యాచ్ వైపుకే వంగుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. మనకు తెలియకుండానే తగిలే చిన్న చిన్న దెబ్బలు సరిగా మానకపోవడం వల్ల ఈ మచ్చ ఏర్పడుతుందని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. గాయం మాన్పే సంకేతాలిచ్చే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ అవసరానికి మించి పనిచేస్తూ ఉండిపోతుంది, కొల్లాజెన్ పోగవుతుంది. ఇది క్యాన్సర్ కాదు. అంటువ్యాధి కాదు. మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. అరచేతిలో కండరాలపై పొర బిగుసుకుని వేళ్లు ముడుచుకుపోయే డూపుట్రెన్ వ్యాధి ఉన్న కొందరిలోనూ ఇది కనిపిస్తుంది.

ఇది అంత అరుదైనదేమీ కాదు. జర్మనీలోని కొలోన్ నగర ప్రాంతంలో జరిపి 2001లో ప్రచురించిన సర్వేలో జవాబిచ్చిన 4,432 మంది పురుషుల్లో 3.2 శాతం మందికి అంగంలో గట్టి కణుపు తగులుతోందని తేలింది.

ఇక్కడ యువకుల కోసం ఒక మాట. పుట్టుకతోనే కొద్దిపాటి వంపు ఉండటం చాలామందిలో సహజం. కణుపు లేదు, నొప్పి లేదు, మొదటి నుంచీ అలాగే ఉందంటే అది పెయ్రోనీ వ్యాధి కాదు, చాలా సందర్భాల్లో అసలు వ్యాధే కాదు. ఈ తేడా తెలియక భయపడి, ఎవరినీ అడగలేక, గోడమీది ప్రకటన చూసి డబ్బు పోగొట్టుకునే కుర్రవాళ్లు ఎందరో!

ఇక చరిత్రలోకి వెళదాం. ఇటలీ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు 16వ శతాబ్దంలోనే ఈ కణుపుల గురించి రాశారు. కాని వ్యాధికి పేరు తెచ్చినవాడు ఫ్రాన్సుకు చెందిన ఫ్రాంస్వా జీగో ద లా పెయ్రోనీ. 1678లో మాంపెలియే పట్టణంలో పుట్టాడు. ఫ్రెంచి రాజు 15వ లూయీకి ప్రధాన శస్త్రవైద్యుడయ్యాడు. ఆ కాలంలో ఫ్రాన్సులో శస్త్రవైద్యులూ మంగలివారూ ఒకే సంఘం కింద ఉండేవారు. 1743లో రాజాజ్ఞతో ఆ రెండు వృత్తులూ వేరయ్యాయి, అందులో పెయ్రోనీ కృషి ఉంది. అదే 1743లో వెలువడిన శస్త్రవైద్య అకాడమీ సంపుటంలో ఆయన ఈ వ్యాధిని వర్ణించాడు. అంగం పొడవునా జపమాల పూసల్లా గట్టి కణుపులు తగిలే రోగుల గురించి చెప్పాడు. చికిత్సగా పిరనీస్ పర్వతాల్లోని బారేజ్ అనే ఊరి గంధకపు వేడినీటి బుగ్గల నీరు వాడమన్నాడు. ఆ నీరు యుద్ధంలో గాయపడిన సైనికుల పాత గాయాలను మాన్పుతుందని అప్పట్లో పేరు. గాయపు మచ్చకు గాయాల నీరు వాడాలనుకోవడం అప్పటి తర్కానికి సబబుగానే తోచి ఉంటుంది.

ఆ తరవాతి నూట యాభై ఏళ్లలో పాదరసం వాడారు, పొటాషియం అయొడైడ్ వాడారు, ఆపైన ఎక్స్-కిరణాలు, రేడియం కూడా ప్రయోగించారు. సిఫిలిస్ వల్ల వచ్చిందని ఒకరు, కీళ్లవాతం వల్ల వచ్చిందని మరొకరు అనుకోవడంతో ఆయా జబ్బుల మందులన్నీ ఈ రోగులకూ పడ్డాయి. ప్రతి మందుకూ మెచ్చుకునే వైద్యుడు ఒకడు ఉన్నాడు. ఇంతమందికి ఇన్ని రకాల మందులతో ఎలా నయమైంది?

దీనికి జవాబు వ్యాధి స్వభావంలోనే ఉంది. మొదటి 6 నుంచి 18 నెలల దాకా చురుకైన దశ. అప్పుడు నొప్పి ఉంటుంది, వంకర మారుతూ ఉంటుంది. తరవాత మచ్చ స్థిరపడుతుంది, నొప్పి దానంతటదే పోతుంది. అమెరికాలో మల్హాల్, ఆయన సహచరులు ఏ చికిత్సా తీసుకోని 246 మందిని కనీసం ఏడాదిపాటు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. 12 శాతం మందిలో వంకర తగ్గింది. 40 శాతం మందిలో మారలేదు. 48 శాతం మందిలో పెరిగింది. మొదట్లో నొప్పి ఉన్నవారిలో 89 శాతం మందికి నొప్పి పోయింది. మందేమీ లేకుండానే! ఇప్పుడు ఒక వైద్యుడు వందమంది రోగులకు ఉత్త చక్కెర మాత్రలిచ్చాడనుకోండి. ఏడాది తరవాత దాదాపు అందరూ వచ్చి నొప్పి పోయిందని దండం పెడతారు. ఆ వైద్యుడు మోసగాడు కానక్కర్లేదు. తన కంటితో చూసిందే రాస్తాడు. అయినా ఆ రాత తప్పే అవుతుంది.

తప్పు పట్టుకోవాలంటే పక్కన పోల్చడానికి మరొకటి ఉండాలి. దీనికి సూరత్ నగరంలోని వరాఛా నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. సూరత్‌లో మన తెలుగువారు ఎక్కువగా నేతపనిలో కనిపిస్తారు. వరాఛా మాత్రం వజ్రాలకు సానపట్టే ప్రాంతం. అక్కడి కార్ఖానాల్లో ఘంటి అని పిలిచే సానచక్రం చుట్టూ కూర్చుని పనివారు రాళ్లకు ముఖాలు తీరుస్తారు. సానపట్టిన రాయికి ధర కట్టాలంటే రంగు తేల్చాలి. పూర్తిగా రంగులేని రాయికి డి, పసుపు ఛాయ పెరుగుతున్న కొద్దీ ఇ, ఎఫ్, జి అంటూ జెడ్ దాకా అక్షరాలున్నాయి. ఎంత అనుభవం ఉన్న కన్నయినా ఒంటరిగా ఉన్న రాయిని చూసి జి ఏదో హెచ్ ఏదో కచ్చితంగా చెప్పలేదు. అందుకని ముందే రంగు నిర్ణయించి పెట్టుకున్న మాతృక రాళ్ల వరస ఒకటి ఉంటుంది. తెల్లటి పళ్లెంలో వాటి పక్కన కొత్త రాయిని బోర్లించి, ఒకే వెలుతురులో పోల్చి చూస్తారు. పక్కన మాతృక లేకపోతే కొనేవాడి కంటికి ఒక రంగు, అమ్మేవాడి కంటికి ఒక రంగు కనిపిస్తుంది.

మందుల విషయంలో ఆ మాతృక రాయి పాత్ర వహించేది పోలిక బృందం. అంటే ఆ మందు తీసుకోని, మిగతా అన్ని విషయాల్లో సమానమైన రోగుల బృందం. ఈ ఆలోచన మరీ కొత్తది కాదు. పెయ్రోనీ మరణించిన 1747వ సంవత్సరంలోనే జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ వచ్చిన 12 మంది నావికులను ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలు చేసి, ఒక్కో జతకు ఒక్కో చికిత్స ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ పళ్లు తిన్న జత అందరికంటే ముందు కోలుకుంది. అయినా ఈ పద్ధతి వైద్యంలో స్థిరపడటానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

ఇప్పుడు 1948 దగ్గర ఆగుదాం. ఆ సంవత్సరం బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ ఎంత పనిచేస్తుందో చూపే ప్రయోగ ఫలితాలు ప్రచురించింది. ఎవరికి మందు ఇవ్వాలి, ఎవరికి కేవలం విశ్రాంతి ఇవ్వాలి అన్నది వైద్యుడి ఇష్టానికి వదలకుండా, గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ రూపొందించిన చీటీల పద్ధతిలో తేల్చారు. మందు తీసుకున్న 55 మందిలో ఆరు నెలల్లో చనిపోయినవారు 4గురు. తీసుకోని 52 మందిలో 14 మంది. రెండు అంకెలూ పక్కపక్కనే ఉన్నాయి కనుక వాదనకు తావులేదు.

అదే 1948లో అమెరికా వైద్యులు స్కాట్, స్కార్డినో పెయ్రోనీ వ్యాధికి విటమిన్ ఇ మాత్రలు వాడిన అనుభవం ప్రచురించారు. విటమిన్ ఇ ని 1922లో బర్కిలీలో హెర్బర్ట్ ఎవాన్స్, కాథరిన్ బిషప్ కనుగొన్నారు. అది లేని ఆహారం తిన్న ఎలుకలకు పిల్లలు పుట్టలేదు. అందుకే దానికి గ్రీకు భాషలో సంతానాన్నిచ్చేది అనే అర్థం వచ్చేలా టోకోఫెరాల్ అని పేరుపెట్టారు. డూపుట్రెన్ వ్యాధిలో దాన్ని అప్పటికే వాడి చూశారు కాబట్టి, దాని బంధువులాంటి పెయ్రోనీ వ్యాధికీ పనికొస్తుందేమోనని అనుకోవడంలో అర్థముంది. 23 మందికి వాడారు. 78 శాతం మందిలో వంకర తగ్గిందని రాశారు. మందు తీసుకోని బృందం మాత్రం లేదు. చవకైన మందు, హాని తక్కువ, పేరులోనే సంతానం ఉంది. ఇంకేం కావాలి? ప్రపంచమంతా వాడటం మొదలుపెట్టింది. మన మందుల దుకాణాల్లో దొరికే ఆకుపచ్చ గుళిక అదే.

ఏ చికిత్సా లేకపోతే 12 శాతం మందిలోనే వంకర తగ్గుతున్నప్పుడు 78 శాతం ఎలా వచ్చిందని మీరు అడగాలి. మంచి ప్రశ్న. అంత తేడాకు వ్యాధి స్వభావం ఒక్కటే కారణం కాజాలదు. వంకరను ఎలా కొలిచారన్నది అసలు కీలకం. ఆసుపత్రిలో పరీక్ష చేసేటప్పుడు వంకర కనిపించదు కదా! అందువల్ల రోగి నోటిమాట మీదనే ఆధారపడేవారు. ఆశతో మందు మింగిన మనిషి, తనకోసం శ్రమపడిన వైద్యుడి ముందు కూర్చుని, కొంచెం నయమేనండీ అంటాడు. 1980ల్లో ఇంజెక్షన్ ద్వారా స్తంభన కలిగించే పద్ధతి వచ్చాకే కోణమానితో డిగ్రీల్లో కొలవడం వీలైంది. దానికితోడు, మందు పనిచేసిందనుకున్న వైద్యుడు వ్యాసం రాస్తాడు, పనిచేయలేదనుకున్నవాడు ఊరుకుంటాడు.

విటమిన్ ఇ కి అసలైన పరీక్ష 1983లో జరిగింది. బ్రిటన్‌లో ప్రయర్, ఫారెల్ 40 మంది రోగులకు కొంతకాలం విటమిన్, కొంతకాలం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఏది ఎప్పుడు ఇస్తున్నదీ రోగికి తెలియదు, పరీక్షించే వైద్యుడికీ తెలియదు. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 1948 నుంచి 1983 వరకు 35 ఏళ్లు! ఆ తరవాత కూడా వాడకం ఆగలేదు.

రెండో మందు కథలో మన తెలుగువాడొకరు దూరం నుంచి కనిపిస్తారు. పారా అమైనో బెంజాయిక్ ఆమ్లం అనే పదార్థం ఉంది, పొట్టిగా పాబా అంటారు. బాక్టీరియాలు దీన్ని ఉపయోగించుకుని ఫోలిక్ ఆమ్లం తయారుచేసుకుంటాయి. సల్ఫా మందులు పాబాలాగే వేషం వేసుకుని ఆ పనిని అడ్డుకుంటాయని 1940లో బ్రిటన్‌లో తేలింది. ఫోలిక్ ఆమ్లం అణువులో పాబా ఒక ముక్క. ఆ అణువు నిర్మాణాన్ని తేల్చి, దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసినది న్యూయార్క్ దగ్గరి లెడర్లీ ప్రయోగశాల బృందం. ఆ బృందానికి నాయకులు భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. అంతకుముందే 1931లో లూసీ విల్స్ బొంబాయిలోని గర్భిణుల రక్తహీనత మీద చేసిన పరిశోధనను ప్రచురించింది. ఆమె గుర్తించిన పోషకాంశం ఇదేనని తరవాత తెలిసింది. ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన రక్తహీనత రోగి రక్తంలో కొద్ది రోజుల్లోనే కొత్త ఎర్రకణాలు కనిపిస్తాయి, సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టవచ్చు. అలా లెక్కకు దొరికే ఫలితం పెయ్రోనీ రోగికి లేదు.

పాబా మాత్రం వేరే దారి పట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కైరోలో అమెరికా వైద్యులు దాన్ని టైఫస్ జ్వరానికి ఇచ్చి చూశారు. ఆ బృందంలో క్రిస్ జారఫోనెటిస్ ఒకడు. యుద్ధం తరవాత ఆయన పాబా పొటాషియం లవణాన్ని చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మాకు వాడాడు. అక్కడ నుంచి 1959లో హోరాక్స్‌తో కలిసి 21 మంది పెయ్రోనీ రోగుల మీద ఫలితాలు ప్రకటించాడు. నొప్పి ఉన్నవారందరికీ తగ్గిందన్నారు, వంకర ఉన్నవారిలో 82 శాతం మందికి మెరుగైందన్నారు. ఇక్కడా పోలిక బృందం లేదు. మద్రాసులో క్షయరోగులను ఇంట్లోనే ఉంచి మందులిస్తే చాలా, శానిటోరియంలో చేర్చాలా అన్నది రెండు బృందాలను పోల్చి తేల్చిన ప్రసిద్ధ ప్రయోగ ఫలితాలు వచ్చింది కూడా 1959లోనే. పేద రోగులతో, కిక్కిరిసిన ఇళ్ల మధ్య మద్రాసులో చేయగలిగిన పనిని ఈ వ్యాధికి ఎవరూ చేయలేదు. క్షయ ప్రాణం తీస్తుంది కనుక ప్రభుత్వాలు కదిలాయి. ఇది ప్రాణం తీయదు, పైగా రోగి బయటికి చెప్పుకోడు. ఎవరూ అడగని జబ్బుకు ఎవరు పరీక్ష పెడతారు?

పాబా లవణానికి సరైన పరీక్ష 2005లో వచ్చింది. జర్మనీలో వైడ్నర్ బృందం 103 మందిని తీసుకుంది. రోజుకు నాలుగుసార్లు, మూడేసి గ్రాముల చొప్పున 12 గ్రాములు, ఏడాదిపాటు. అది మాత్రలా కాదు, భోజనంలా ఉంటుంది! కడుపులో ఇబ్బంది వల్ల మధ్యలో మానేసేవారు ఎక్కువ. కణుపు పరిమాణమో వంకరో కనీసం 30 శాతం తగ్గితే గుణం కనిపించినట్లు లెక్కవేశారు. మందు తీసుకున్నవారిలో 74 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 50 శాతం మందికి! మందు కణుపును కొంత చిన్నది చేసింది, వంకర ముదరకుండా కొంత ఆపింది. ఉన్న వంకరను మాత్రం తీర్చలేకపోయింది. రోగి కోరుకునేది ఆ చివరిదే.

మూడోది టామాక్సిఫెన్. ఇది రొమ్ము క్యాన్సర్ మందు. టీజీఎఫ్-బీటా విడుదలను మారుస్తుందన్న ఆశతో 1992లో బ్రిటన్‌లో 36 మందికి ఇచ్చి ఆశాజనకమన్నారు. 1999లో బ్రెజిల్‌లో టెలోకెన్ బృందం 25 మందితో నియంత్రిత ప్రయోగం చేసింది. వంకర తగ్గిందన్నవారు మందు బృందంలో 46 శాతం, ఉత్తుత్తి మాత్రల బృందంలో 42 శాతం. నొప్పి తగ్గినవారు మందు బృందంలో 67 శాతం, ఉత్తుత్తి మాత్రల బృందంలో 75 శాతం. 25 మంది చిన్న సంఖ్యే, దానితో అంతిమ తీర్పు ఇవ్వలేమని మీరనవచ్చు, నిజమే. అయితే పనిచేస్తుందని నిరూపించవలసిన భారం మందు ఇచ్చేవారిది.

ఇంకా కాల్చిసిన్ ఉంది, కీళ్లవాతపు మందు. మన అడవుల్లో పూసే అడవినాభి, అదే అగ్నిశిఖ, గడ్డల్లోనూ గింజల్లోనూ ఈ పదార్థమే ఉంటుంది. ఆ మొక్క కడుపులోకి పోతే ప్రాణం పోతుంది, ఎవరూ ప్రయత్నించకండి. వైద్యుడు ఇచ్చే మోతాదులోనూ విరేచనాలు సాధారణం. ప్రొకార్బజీన్ అనే క్యాన్సర్ మందును కూడా కొన్నాళ్లు వాడి, దాని దుష్ఫలితాలు చూసి వదిలేశారు. ప్రాణాంతకం కాని వ్యాధికి క్యాన్సర్ మందు ఇచ్చే దాకా వెళ్లారంటే రోగుల ఆత్రుత ఎంతటిదో ఊహించండి. 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ వ్యాధి ఉన్నవారిలో దాదాపు సగం మందికి పట్టించుకోవలసిన స్థాయిలో మనోవ్యాకులత కనిపించింది.

2015లో అమెరికా మూత్రవ్యాధి నిపుణుల సంఘం ఈ సాక్ష్యాలన్నీ తూచి మార్గదర్శకాలు ప్రకటించింది. విటమిన్ ఇ, టామాక్సిఫెన్, ప్రొకార్బజీన్, ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు, విటమిన్ ఇ తో ఎల్-కార్నిటిన్ కలిపిన మాత్రలు ఇవ్వవద్దని అందులో ఉంది. చురుకైన దశలో నొప్పికి మామూలు నొప్పి మాత్రలు ఇవ్వవచ్చు.

మన దేశానికి వస్తే, రైలు పట్టాల పక్క గోడల మీద రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యం అన్న రాతలు చూడని ప్రయాణికుడు ఉండడు. సొంత ఊరికి దూరంగా, సూరత్ లాంటి నగరాల్లో గదుల్లో ఉంటూ పనిచేసే యువకులకు ఇంట్లోవాళ్లను అడిగే వీలు కూడా ఉండదు, కాబట్టి ఈ గోడలే సలహాదారులవుతాయి. నిజానికి 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం లైంగిక శక్తిని పెంచుతామనే మందుల ప్రకటనలను నిషేధించింది. మందుల నిబంధనల్లో జె అనే షెడ్యూలు ఒకటి ఉంది. ఏ జబ్బులను నయం చేస్తామని మందు తయారీదారు చెప్పుకోకూడదో ఆ జాబితా అందులో ఉంటుంది. జననాంగం పరిమాణాన్నీ ఆకారాన్నీ మెరుగుపరచడం ఆ జాబితాలో స్పష్టంగా ఉంది. అంటే వంకర తీరుస్తానని గోడమీద రాసే మాత్రకు చట్టంలోనూ చోటు లేదు.

మరి చికిత్స లేదా? ఉంది, మాత్రల్లో కాదు. అమెరికా వైద్యుడు రీడ్ నెస్బిట్ పుట్టుకతో వచ్చిన వంకరకు 1965లో ప్రకటించిన శస్త్రచికిత్స పద్ధతిని తరవాత ఈ వ్యాధికీ వాడసాగారు. వంపుకు ఎదురుగా ఉన్న వైపు తొడుగును కొంచెం కుదించి సరిచేస్తారు. వ్యాధి స్థిరపడ్డాకే చేస్తారు. కొల్లాజెన్‌ను కరిగించే కొల్లాజినేజ్ అనే ఎంజైమును నేరుగా కణుపులోకి ఎక్కించే చికిత్సకు 2013 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతినిచ్చింది. దీన్ని 832 మందితో పరీక్షించారు. ఈసారి కోణమాని ఉంది, పోలిక బృందం ఉంది, ఎవరికి ఏది ఎక్కుతోందో తెలియకుండా ఉంచారు. ఎంజైము పడినవారిలో వంకర సగటున 34 శాతం తగ్గింది. మందులేని ఇంజెక్షన్ పడినవారిలో 18 శాతం తగ్గింది.